పిల్లికూనలు నేర్పిన మృదుభాషణము



దయ యను మాటను మనము తరచుగా వాడుచుందుము. బీదలయెడ దయ, రోగులయెడ దయ, మూగజీవులయెడ దయ అని దయకు పాత్రులైనవారి పట్టిక మనకు కంఠస్థమే. ఆ పట్టికలో ఒక పేరు మాత్రము సాధారణముగా కనబడదు. అది మన పేరే. పరులతో మాటలాడునపుడు పాటించు మర్యాదను మనతో మనము మాటలాడుకొనునపుడు పాటింపము. "నాకు బుద్ధి లేదు", "నావలన ఏదియు కాదు", "నా బ్రతుకెందుకు" అను మాటలను పైకి వినబడకుండ దినమున కెన్నిసారులు లోలోపల పలుకుచుందుమో లెక్క లేదు. ఈ లోపలి పలుకును గూర్చియు, దానిని మృదువుగా మార్చుకొను విధమును గూర్చియు, మా యింట పెరిగిన పిల్లికూనల మూలమున కొంత విచారించుట యీ పాఠము యొక్క ఉద్దేశము.

1. కూనలు ఇల్లు చేరుట

మేముండునది జహీరాబాదు ప్రాంతమున ఒక గ్రామము. నిరుడు ఆర్ద్ర కార్తెలో ముసురు పట్టిన వారమున ఒక తల్లిపిల్లి మా యింటి ముందరి రోడ్డుపై లారీ క్రిందపడి చనిపోయినది. మరునాటి యుదయమున మా కొట్టము గోడ సందునుండి సన్నని కూతలు వినవచ్చినవి. చూడగా నాలుగు కూనలు. వాని కన్నులు అప్పుడప్పుడే విచ్చుచుండెను.

పాఠకులు ఒక విషయమును ముందుగా గమనింపవలెను. కూనలు ఒంటరిగా కనబడినంత మాత్రమున దిక్కులేనివని తలచి ఎత్తుకొని రారాదు. తల్లి ఆహారము కొరకు కొన్ని గంటలపాటు వెడలియుండవచ్చును. దూరముగా నిలిచి కనిపెట్టవలెను. తల్లి రాదని నిశ్చయమైనపుడే వానిపై చేయి వేయవలెను. మేము తల్లి చనిపోవుటను కన్నులార చూచితిమి గనుక సందేహమునకు తావు లేకపోయినది.

ఆ దినములలో మా చెల్లెలి కుమార్తె మా యింటనే యుండెను. పదునారేండ్ల పిల్ల. ఇంటర్మీడియెటు మొదటి సంవత్సరమున గణితము తప్పి, సప్లిమెంటరీ వ్రాసినను ఉత్తీర్ణత రాక, ఊరిలో నలుగురి మాటలు పడలేక, "అత్త దగ్గర కొన్నాళ్లుంట" నని వచ్చినది. మా యింట ఎవ్వరును ఆమెను ఒక్క మాట అనలేదు. ఐనను ఆమె తన్ను తానే తిట్టుకొనుచుండెడిది. గ్లాసు చేజారినను "నేనింతే, దేనికీ పనికిరాను" అనెడిది. కూర మాడినను అదే మాట. కూనల పోషణభారమును ఎవ్వరు చెప్పకయే ఆ పిల్ల తన మీద వేసికొనినది.

2. పోషణ విధానము

జాలి యొక్కటి యున్నంత మాత్రమున ప్రాణి బ్రతుకదు. జాలికి తెలివి తోడు కావలెను. పశువైద్యుని యడిగి మేము నేర్చుకొనిన విషయములను, ఇతరులకు ఉపకరించునని, ఇచ్చట పొందుపరచుచున్నాను.

పుట్టిన పిల్లికూన సుమారు 100 గ్రాముల బరువుండును. చక్కగా పాలు త్రాగు కూన దినమునకు 10 నుండి 15 గ్రాముల వరకు పెరుగును. కన్నులు 7 నుండి 14 దినములలోపల విచ్చుకొనును. మొదటి వారములలో కూన తన శరీరపు వేడిని తానే నిలుపుకొనజాలదు. కావున మొదట కావలసినది పాలు కాదు, వెచ్చదనము. చల్లబడిన కూనకు పాలు పోసినచో జీర్ణము కావు, ప్రాణమునకే ముప్పు. సీసాలో వేడినీరు పోసి, బట్ట చుట్టి, అట్టపెట్టెలో ఒక ప్రక్కన ఉంచవలెను. వేడి ఎక్కువైనపుడు కూన ప్రక్కకు ప్రాకిపోవుటకు చోటు విడువవలెను.

ఆవుపాలు, గేదెపాలు పిల్లికూనలకు తగవు. విరేచనములు పట్టి కూన నీరసించును. పిల్లికూనల కొరకే తయారగు పాలపొడి మందుల దుకాణములలోను, పెంపుడు జంతువుల దుకాణములలోను దొరకును. కాచిన నీటిలో దానిని కలిపి, గోరువెచ్చగానైన పిదప, సూది తీసివేసిన సిరంజితో గాని చిన్న సీసాతో గాని కొద్దికొద్దిగా పట్టవలెను. కూనను పసిబిడ్డవలె వెల్లకిల పరుండబెట్టి పట్టరాదు. పాలు ఊపిరితిత్తులలోనికి పోవును. తల్లి యొద్ద త్రాగునట్లే బోర్లగానుంచి పట్టవలెను. ఆ వయస్సున మూడు నాలుగు గంటలకొకమారు, రాత్రి సైతము, పాలీయవలెను. త్రాగిన పిదప తల్లి నాకునట్లు, తడిపిన వెచ్చని దూదితో తోక క్రింద మెల్లగా తుడిచిననే కూన మూత్రమలములను విడువగలదు.

నాలుగవ వారము మొదలు మెత్తని ఆహారమును, ఇసుక పోసిన పళ్లెమును అలవాటు చేయవచ్చును. రెండవ వారము మొదలు ఏడవ వారము వరకు కూన మనుష్యుల చేతికి మచ్చికయగు కాలము. ఆ కాలమున మృదువుగా తాకిన చేతిని అది నమ్మును. నులిపురుగుల మందును, టీకాలను పశువైద్యుడు చెప్పిన వరుసలో ఇప్పింపవలెను. మనము జ్వరమునకు వేసికొను పారాసెటమాల్ మాత్ర పిల్లులకు విషము. తెలియక ఈయరాదు. గోరు గీరుకొనినను, పంటిగాటు పడినను, వెంటనే సబ్బుతోను ధారగా పారు నీటితోను 15 నిమిషములు కడిగి, రేబిస్ టీకా విషయమై వైద్యుని సంప్రదింపవలెను.

మా మేనకోడలు కిరాణా దుకాణపు చిన్న కాటాను అడిగి తెచ్చి, ప్రతి యుదయమున కూనలను తూచి, నోటుపుస్తకములో బరువులు వ్రాయుచుండెను. పెద్దవి మూడును 200 గ్రాములకు అటునిటుగా నుండెను. నాల్గవది 130 గ్రాములు మాత్రమే. రాత్రి రెండు గంటలకు లేచి పాలు పట్టునపుడు ఆమె వానితో పలికిన మాటలు ప్రక్కగదిలోనికి వినవచ్చుచుండెను. "మెల్లగ తాగు, తొందరేం లేదు. ఇయ్యాల కొంచెం తాగినవు, రేపు ఇంకొంచెం తాగుదువు" అనెడిది. పాలు ఒలికినను కసరెడిది కాదు. అడుగు తడబడి పడిన కూనను "పనికిరానిదానా" అని తిట్టెడిది కాదు. ఆ కంఠములో అంత ఓర్పు గలదని మాకు అంతకుముందు తెలియదు.

3. ఒక మరణము, ఒక ప్రశ్న

అయిదవనాటి తెల్లవారుజామున చిన్నకూన ప్రాణము విడిచినది. పుట్టుకతోనే బలహీనమైనదనియు, అట్టివానిలో కొన్ని ఎంత సాకినను నిలువవనియు పశువైద్యుడు చెప్పెను. ఐనను ఆ పిల్ల దినమంతయు అన్నము ముట్టలేదు. సాయంకాలము నాతో, "నా చేతుల పెడితే ఏదీ నిలవదు మామా. చదువు నిలవలే, ఇది నిలవలే. నేనుండి ఏం లాభం?" అన్నది. ఈ చివరి మాటను తేలికగా తీసికొనరాదు. మా యింట ఎవ్వరును తీసికొనలేదు.

నా భార్య ఆమెను దగ్గర కూర్చుండబెట్టుకొని ఇట్లడిగినది. "బిడ్డా, పక్కింటి చిన్నపిల్ల నీలెక్కనే ఒక కూనను సాకింది అనుకో. అది సచ్చిపోయింది. ఆ పిల్ల నీ దగ్గరకొచ్చి నువ్వన్న మాటే అన్నది. నువ్వేం చెప్తవు?"

ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట మెల్లగా, "నీ తప్పు గాదు అంట. రాత్రంతా మేలుకొని చూసినవు గదా అంట. అది వెచ్చగ, నీ ఒళ్లోనే పోయింది, వానల తడుసుకుంట పోలే అంట" అన్నది.

"మరి ఆ పిల్లకు చెప్పే మాట నీకు నువ్వు చెప్పుకుంటే ఏమైతది?"

ఆమె ఏడ్చినది. ఆ రాత్రి అన్నము తిన్నది. మిగిలిన మూడు కూనలకు వేళకు పాలు పట్టినది. మరునాడు ఆమె తల్లిదండ్రులతో మాటలాడి, జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యునికి చూపించితిమి. ప్రేమ గల మాటకు తోడు వైద్యుని సహాయమును కావలసిన సందర్భములు గలవు. దానియందు సిగ్గుపడవలసినది ఏదియు లేదు.

4. లోపలి మాట ఎచ్చటినుండి వచ్చును?

పసిబిడ్డలు ఆడుకొనుచు తమతో తాము పైకి మాటలాడుకొనుటను మనమందరము చూచుచున్నాము. రష్యా దేశపు మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు వైగాట్‌స్కీ (1896-1934) దీనిని పరిశీలించి, పెద్దలతో సంభాషించుటవలన అలవడిన మాటయే మొదట బిడ్డ తనతో తాను పైకి పలుకు మాటయై, క్రమముగా లోనికి పోయి, శబ్దము లేని అంతర్భాషణముగా మారునని చెప్పెను. ఈ సిద్ధాంతమును మనము గృహస్థధర్మమునకు అన్వయించుకొనినచో ఒక గంభీరమైన బాధ్యత తేలుచున్నది. ఈనాడు మనము బిడ్డను పిలుచు పిలుపు రేపు ఆ బిడ్డ తన్ను తాను పిలుచుకొను పిలుపు కావచ్చును. "మొద్దు", "దండుగ" అను మాటలు పెద్దల నోట ఒక క్షణము మాత్రమే యుండును. బిడ్డ మనస్సున అవి యేండ్ల తరబడి కాపురముండును.

అమెరికా దేశపు వైద్యుడు ఏరన్ బెక్ (1921-2021) 1960ల ప్రాంతమున, మనోవ్యాకులతతో బాధపడు రోగులను చికిత్స చేయుచు, వారి మనస్సులో పిలువకయే మెరుపువలె మెరసి మాయమగు తలంపులుండుటను గమనించెను. "నేనోడితిని", "నన్నెవరును మెచ్చరు" అనునవి అట్టివి. రోగి వానిని తలంపులుగా గుర్తింపడు, సత్యములుగా నమ్మును. ఆ తలంపును పట్టి నిలిపి, "ఇది నిజమేనా? దీనికి ఆధారమేమి?" అని పరీక్షించుట ఆయన నెలకొల్పిన చికిత్సాపద్ధతిలో ముఖ్యమైన భాగము. మా మేనకోడలి మాటనే తీసికొనుడు. "నా చేతుల ఏదీ నిలవదు" అన్నది. కాని ఆమె నోటుపుస్తకములో మూడు కూనల బరువులు దినదినము పెరుగుచున్నట్లు ఆమె చేతివ్రాతతోనే యున్నది. తలంపు ఒకటి చెప్పుచున్నది, కాటా మరియొకటి చెప్పుచున్నది. కాటాను నమ్ముట న్యాయము.

5. స్వదయకు మూడు అంగములు

మనస్తత్త్వశాస్త్రజ్ఞురాలు క్రిస్టిన్ నెఫ్ 2003లో ప్రకటించిన వ్యాసములలో తనయెడ తాను చూపవలసిన దయను మూడు అంగములుగా విభజించినది. వానిని కూనల పోషణతో పోల్చి చూతము.

మొదటిది మృదుత్వము. బాధలోనున్నపుడు తన్ను తాను కసరుకొనక, మిత్రునితో మాటలాడినట్లు మాటలాడుకొనుట. చల్లబడిన కూనకు మొదట వెచ్చదనము, పిదప పాలు. అట్లే దుఃఖములోనున్న మనస్సునకు మొదట ఓదార్పు, పిదప ఉపదేశము. వరుస తప్పినచో మంచి ఉపదేశమును జీర్ణము కాదు.

రెండవది సర్వసామాన్యత నెఱుగుట. "నాకొక్కనికే ఇట్లు జరిగినది" అను భావము మనుష్యుని ఒంటరిని చేయును. పరీక్ష తప్పుట, వ్యాపారమున నష్టపోవుట, ఆప్తులను పోగొట్టుకొనుట మానవజన్మలో అందరికిని కలుగునవే. ఆరితేరిన పోషకుల చేతిలోను కొన్ని కూనలు నిలువవు.

మూడవది సమత్వముతో గమనించుట. బాధను దాచరాదు, పెంచరాదు. ఉన్నదానిని ఉన్నట్లు చూడవలెను. "గణితము తప్పితిని" అనునది జరిగిన విషయము. "నేను పనికిమాలినదానను" అనునది జరిగిన విషయము కాదు, దానిపై మనస్సు కట్టిన గోడ.

6. రెండు ఆక్షేపణలు

ఇచ్చట కొందరు, "తన్ను తాను దండించుకొననిచో మనుష్యుడు సోమరి కాడా?" అని యడుగుదురు. పాఠశాలలో పనిచేయు నావంటివారికి ఇది సహజముగా తోచు ప్రశ్న. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన బ్రీన్స్, చెన్ అను పరిశోధకురాండ్రు 2012లో ప్రకటించిన పరిశోధన దీనికి సమాధానమిచ్చుచున్నది. కఠినమైన పరీక్షలో సరిగా వ్రాయని విద్యార్థులలో, తమయెడ తాము దయతో తలపోయుడని చెప్పబడినవారే తరువాతి పరీక్షకు ఎక్కువ సమయము చదివిరి. కారణము ఊహించుట కష్టము కాదు. తప్పును చూచిన వెంటనే కొరడా దెబ్బ పడునని తెలిసినవాడు తప్పువైపు చూచుటకే భయపడును. చూడనిదే దిద్దుకొనుట యెట్లు? కూన పళ్లెము వెలుపల మలవిసర్జన చేసినపుడు కొట్టినచో అది శుభ్రత నేర్వదు, కొట్టినవానికి భయపడి మంచముల క్రింద దాగుకొనును. పళ్లెమును శుభ్రముగా నుంచి, తిన్న వెంటనే దానిలో దింపుచుండిన యెడల కొన్ని దినములకు తానే నేర్చును.

రెండవ ఆక్షేపణము మన సంప్రదాయమునకు సంబంధించినది. "శరణులు తమ్ము తాము అందరికంటె అల్పులుగా చెప్పుకొనిరి కదా. అట్లయిన ఆత్మనింద తప్పెట్లగును?" అని. వినయము వేరు, ఆత్మనింద వేరు. వినయముగలవాడు తన్ను తగ్గించుకొని ఎదుటివానిని గౌరవించును. వాని చూపు ఇతరులపై నుండును, వాని చేతులు దాసోహమునకు సిద్ధముగా నుండును. ఆత్మనింద చేసికొనువాని చూపు తనపైనే తిరుగుచుండును, వాని చేతులు పడిపోవును. కాయకమును విడిచి మూలన కూర్చుండబెట్టునది వినయము కాజాలదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడు దయను ధర్మమునకు మూలముగా బోధించెను. ఆ దయకు పాత్రములు సకల ప్రాణులు. ఆ ప్రాణులలో మనము లేమా? ఇష్టలింగమును ధరించు దేహము పవిత్రమని నమ్మువారమైన మనము, ఆ దేహమున వసించు జీవుని దినదినము దూషించుట ఎట్లు సమంజసము?

7. అభ్యాసక్రమము

అలవాటైన మాట ఒక్కనాట మారదు. కూన బరువువలె కొద్దికొద్దిగా పెరుగవలసినదే. ఈ క్రింది క్రమము ఇంటిల్లిపాదికి ఉపయోగపడును.

ఒకటి: లోపల పరుషమైన మాట పుట్టినపుడు దానిని కాగితముపై యథాతథముగా వ్రాయవలెను. వ్రాసిన మాటను పరీక్షించుట తేలిక.

రెండు: "ఈ మాటను నేను నా బిడ్డతో గాని, స్నేహితునితో గాని అందునా?" అని ప్రశ్నించుకొనవలెను. అననిచో, వారితో ఏమందునో దానిని ప్రక్కనే వ్రాయవలెను.

మూడు: ఆ మంచిమాటను తన పేరు పెట్టి పిలిచి తనకు చెప్పుకొనవలెను. "నేను" అనుటకు మారుగా తన పేరుతో తన్ను సంబోధించుకొనువారు ఒత్తిడి సమయమున కొంత నిలకడగా ఆలోచింపగలరని ఈథన్ క్రాస్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 2014లో ప్రకటించిరి.

నాలుగు: మాటతో ఆగక ఒక చిన్న పనిని చేయవలెను. మా మేనకోడలు రాత్రి కూనలకు పాలు పట్టిన పిదప మేలుకొనియుండు అరగంటలో ఒక్క లెక్క చేయుటకు నియమము పెట్టుకొనినది. ఒక్కటియే, రెండు కాదు.

ఐదు: బ్రతుకు మీద విరక్తి కలిగించు తలంపులు వచ్చినచో ఒంటరిగా నుండరాదు. ఇంటివారితో చెప్పవలెను, వైద్యుని చూడవలెను. భారత ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి-మానస్ సేవకు 14416 సంఖ్యపై ఏ వేళనైనను ఫోను చేయవచ్చును. తెలుగులోను మాటలాడుదురు. అట్టి తలంపును చెప్పిన బిడ్డను ఇంటివారు మందలింపరాదు. చెప్పినందులకు మెచ్చుకొని, దగ్గర నుండవలెను.

మూడు కూనలలో రెండు టీకాలు పూర్తియైన పిదప ఎఱిగినవారి యిండ్లకు చేరినవి. ఒకటి మా యింటనే యున్నది. మేనకోడలు ఈ మార్చిలో గణితము మరల వ్రాసి ఉత్తీర్ణురాలైనది. సంతోషమే. కాని ఈ పాఠమునకు అది ఋజువు కాదు. ఆమె మరల తప్పియున్నను, తనతో తాను మర్యాదగా మాటలాడుకొనుటకు ఆమెకు గల అర్హత వీసమంతయు తగ్గెడిది కాదు. గెలిచినవారికి మాత్రమే దక్కునది బహుమానము. దయ యట్టిది కాదు.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. గడచిన వారమున మీలో మీరు పలుకుకొనిన కఠినమైన మాట యేది? ఆ మాట మొదట ఎవరి నోట వింటిరి?

2. మీ యింట బిడ్డలను పిలుచు పిలుపులలో మార్చవలసినవి గలవా?

3. వినయమునకు, ఆత్మనిందకు గల భేదమును మీ యనుభవమునుండి ఒక ఉదాహరణముతో చెప్పుడు.

4. మీ వీధిలో దిక్కులేని కూన కనబడినచో మొదట చేయవలసిన పని యేది? చేయరానిది యేది?

ఈ ప్రశ్నలను ఇంటిలో రాత్రి భోజనానంతరము గాని, మఠములలో పిల్లల గోష్ఠులందు గాని చదివి చర్చింపగోరుచున్నాను. బిడ్డలు చెప్పు సమాధానములను మధ్యలో ఖండింపక పూర్తిగా వినుడు.